ఏడో అంశం

వేల్స్‌లో, బొగ్గు ఎప్పుడో అడుగంటిన ఒక లోయలో
మంగళవారం రాత్రి పార్టీ శాఖ సమావేశం.
హాజరు: పదకొండు మంది.
రాలేమని కబురు పంపినవాళ్లు: నలుగురు.
కబురు కూడా పంపనివాళ్లను లెక్క రాసే అలవాటు
మా పుస్తకానికి లేదు.

నేను కార్యదర్శిని.
బడి వంటగదిలో పగలంతా గిన్నెలు తోమి
రాత్రి ఇక్కడ మినిట్స్ రాస్తాను, పందొమ్మిదేళ్లుగా.
హీటర్ మీటర్‌లో నాణెం ఎవరు వేశారన్నది తప్ప
అన్నీ రాస్తాను.

ఆరో అంశం దాకా ఏ పేచీ లేదు.
పార్కింగ్ గీతలు. లాటరీ టికెట్లు.
పోయిన నెల పోయిన ట్రెవర్ హామ్లిన్‌కి ఒక నిమిషం మౌనం,
నలభై సెకన్లకే ఎవరో దగ్గారు.
ఏడోది పైనుంచి వచ్చింది, నున్నటి కాగితం మీద అచ్చై:
"శ్రామికుల సమస్యల మీద పార్టీ
మరింత దృష్టి పెట్టాలా?"

పెట్టాలా, అన్న ఆ దీర్ఘం దగ్గర నా కలం ఆగింది.
రొట్టెల కొట్టువాడు
పిండి సంగతి చర్చకు పెట్టినట్టుంది.

ఇద్రిస్ ప్రోసర్ లేచాడు.
మాటకంటే ముందు మోకాళ్లు పలికాయి.
ముప్పై ఒక్కేళ్లు ఉక్కు కొలిమి ముందు నిలబడ్డ మనిషి.
"వారానికి రెండు పెన్నీలు చందా వేసి కట్టుకున్నాం దీన్ని.
ఏరు దాటారు, తెప్ప తగలేశారు.
ఇప్పుడు మళ్లీ వరదొచ్చిందని
ఒడ్డున నిలబడి మమ్మల్ని పిలుస్తున్నారు."
గోడమీది పట్టు జెండా వైపు చెయ్యి చాపాడు:
ముగ్గురు మగాళ్లు, మూడు హెల్మెట్లు, ఒక లాంతరు.
చప్పట్లు. ఆరుగురివి.

గెథిన్ కుర్రాడు. కాలేజీలో గంటల లెక్కన పాఠాలు చెబుతాడు.
"కాదనను ఇద్రిస్. కానీ ఈసారి మనల్ని గట్టెక్కించింది
నగరాల్లో అద్దె గదుల పిల్లలు.
వాళ్లు కొలిమిని ఫొటోలో కూడా చూడలేదు.
వాళ్లనీ పోగొట్టుకుందామా?"
ఆ మాటలో అబద్ధం లేదు.
అందుకే ఎవరికీ రుచించలేదు.

అప్పుడు తలుపు తోసుకుని ఐర్వెన్ బెడో.
ఊదారంగు యూనిఫాం, చేతిలో కారు తాళం.
కూర్చోమంటే కూర్చోలేదు.
"పైన కొండమీద ఇంకో ఇల్లుంది, తొమ్మిదింటికి.
ఇవాళ పద్నాలుగు ఇళ్లు. ఇంటికి పావుగంట.
ఆ పావుగంటలో లేపాలి, కడగాలి, మాత్రలు మింగించాలి,
టీ పెట్టాలి,
గడియారం చూడనట్టు గడియారం చూడాలి.
దానికి జీతం ఇస్తారు. సరే.
ఇంటికీ ఇంటికీ మధ్య దారి ఉంది చూశారా,
అది నాది.
పెట్రోలు నాది, మంచు నాది, మలుపులో గొర్రెలు నావి.
ఆ దారికి ఎవరూ పైసా ఇవ్వరు.
మరింత దృష్టి అంటే ఎంతో నాకు తెలీదు.
నా పక్క సీటు ఖాళీగానే ఉంటుంది.
శాండ్‌విచ్ డబ్బా తీసి వెనక పెడతాను.
పైవాళ్లను ఒక్కరోజు వచ్చి కూర్చోమనండి."

వెళ్తూ వెళ్తూ జెండా ముందు ఆగింది.
"ఇందులో నేనెక్కడ నిలబడాలి?
పోనీ, దీన్ని కుట్టిందెవరు?"

ఎవరూ నోరు విప్పలేదు.
కింద కారు స్టార్టయి, రెండుసార్లు ఆగి,
మళ్లీ స్టార్టయి ఎక్కువాలు పట్టింది.
అంతసేపటికి ఇద్రిస్, నేలకు చెబుతున్నట్టు:
"మా అమ్మ. ఇంకో నలుగురు ఆడవాళ్లు.
పేర్లు గుర్తు లేవు."

ఓటింగ్. అనుకూలం ఆరు. వ్యతిరేకం ఒకటి.
తటస్థం ముగ్గురు, అందులో ఒకటి నాది.
ఎందుకని అడక్కండి,
మరింత అన్న మాటకు చెయ్యెత్తబుద్ధి కాలేదు.

పుస్తకంలో రెండు గడులున్నాయి:
ఆలస్యంగా వచ్చినవారు, ముందుగా వెళ్లినవారు.
ఐర్వెన్ పేరు రెండింట్లోనూ రాశాను.
మధ్య గీత మీద కాసేపు కలం ఆనించి ఉంచాను,
సిరా ఊరి చుక్కయింది.

హీటర్ ఆరిపోయింది.
చిల్లర ఎవరి దగ్గరా లేదు.
ఎనిమిదో అంశం: ఇతర విషయాలు.
ఏమీ లేవన్నారు.